మునగని ఓడకు క్షమాపణ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసేదాన్ని. ఏ ఓడ ఎప్పుడొస్తుందో ముప్ఫైమంది ఖాతాదారులకు రోజూ పొద్దున్నే ఈమెయిల్ ఇవ్వడం నా పని. ఒక్కొక్కరికీ విడిగా కొట్టలేక, ప్రోగ్రాం రాద్దామనుకున్నాను. ఈమెయిళ్లు పంపడానికే ఎవరో రాసిపెట్టిన బుల్లి లైబ్రరీ, అంటే మన ప్రోగ్రాంలో కలిపేసుకునే రెడీమేడ్ కోడు, ఇంటర్నెట్లో దొరికింది. ఎవరికి, ఏ విషయం, ఏం రాయాలి అని మూడు లైన్లు, నాలుగోది ‘పంపు’.

పరీక్ష కోసం ‘ఓడ మునిగింది’ అని రాసి నాకే పంపుకుందామనుకున్నాను. కానీ అడ్రసు మార్చడం మరిచిపోయాను. నా ప్రోగ్రాం మాత్రం ఏదీ మరిచిపోలేదు, ముప్ఫైమందికీ పంపేసింది.

వెళ్లి మేనేజరుగారికి చెప్పాను. ఆయనది కృష్ణా జిల్లా. ఈమెయిల్ అంటే ఫ్యాక్సుకు తమ్ముడని ఆయన నమ్మకం.

“ఎవరన్నా ఫోన్ చేశారా అమ్మాయ్?”

“గంటయింది, ఎవరూ చేయలేదు సార్.”

“అయితే అందరూ లాయర్ల దగ్గరికెళ్లుంటారు. వెంటనే క్షమాపణ పంపు!”

‘మా ఓడ మునగలేదు, చింతిస్తున్నాము’ అని పంపాను. మేనేజరుగారు అంతటితో ఆగకుండా, అర్జెంటుగా ఈమెయిల్ చూసుకోమని ముప్ఫైమందికీ ఫ్యాక్సు కొట్టించారు.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. మొదట తగరపువలస వ్యాపారి.

“ఏటమ్మా, ఓడ మునగలేదని రాసినారు? మునిగిందని ఎవులన్నారు?”

“పొద్దున మేమే పొరపాటున పంపామండీ. మీరు చూడలేదా?”

“నాను మెయిలెప్పుడు సూసినానమ్మా! ఫేక్స్ వచ్చిందని ఇప్పుడే తెరిసినాను. నిజం సెప్పు, ఓడుందా?”

సాయంత్రం దాకా మేనేజరుగారు “ఉందండీ, నిక్షేపంగా ఉంది” అని చెబుతూనే ఉన్నారు. ఒకాయన మాట నమ్మక, స్కూటరేసుకుని హార్బరుకెళ్లి కళ్లారా చూసి, “తేల్తంది” అని మాకే ఫోన్ చేసి ధైర్యం చెప్పారు.

ఉద్యోగం పోతుందన్న భయంకన్నా వేరే సంగతి నన్ను ఎక్కువ కుంగదీసింది. ఆర్నెల్లుగా అచ్చుతప్పులు దిద్ది మరీ పంపిన నా ఈమెయిళ్లను ఒక్కరూ తెరవలేదు.

మర్నాడు పిలుపొచ్చింది. చీవాట్లకు సిద్ధపడి వెళ్లాను. మేనేజరుగారు హెడ్డాఫీసుకు రిపోర్టు రాయిస్తున్నారు.

“రాసుకో అమ్మాయ్. ‘మా కృషి ఫలితంగా ఖాతాదారులందరూ ఈమెయిల్ వాడకం ప్రారంభించారు.’”

రాశాను. అభినందిస్తూ హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది, ఫ్యాక్సులో.