బాల్డొన్నెల్‌లో లేని గ్లాడియేటర్

మా ఆయనకు పాత విమానాల పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లాండ్ ఏ పక్షమూ చేరలేదు. ఆకాశానికి కాపలా కాయడానికి అది కొన్న గ్లాడియేటర్ యుద్ధవిమానాలు నాలుగే, అవీ రెండు వరసల రెక్కల పాతకాలపు బళ్ళు. శత్రువు విమానాన్ని ఒక్కదాన్నీ కూల్చలేదు గానీ, బ్రిటన్‌లో శత్రు విమానాలకు అడ్డంగా కట్టిన బెలూన్లు తాళ్ళు తెంచుకుని కొట్టుకొస్తే వాటిని కూల్చాయట. అది చెప్పి ఆయన తెగ మురిసిపోయేవారు. చెక్కతో ఒక గ్లాడియేటర్ బొమ్మ చేసి, అసలుదాన్ని చూశాకే రంగులేస్తానని అట్టిపెట్టారు. చూడకుండానే వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఆయన బదులు నేనైనా చూడాలని, ఒకప్పుడు అవి ఉన్న బాల్డొన్నెల్‌కు బయల్దేరాను.

మేముండే డాక్‌ల్యాండ్స్‌లో తొమ్మిదింటికి లువాస్ రెడ్ లైన్ ట్రామ్ ఎక్కితే దాదాపు గంటలో టాలట్. అక్కడి నుంచి టాక్సీకి ఇరవై యూరోలయింది. బాల్డొన్నెల్ ఇప్పటికీ సైనిక విమానాశ్రయమే కాబట్టి గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూపించాలి. లోపల తిప్పి చూపడానికి పాట్ అనే రిటైరైన మెకానిక్ వచ్చి, విమానాలు నిలిపే పాత హ్యాంగర్‌లోకి తీసుకెళ్ళాడు.

"గ్లాడియేటర్ ఎక్కడండీ?" అన్నాను.

"ఒక్కటీ మిగల్లేదండీ" అన్నాడు.

అనుమతి కోసం పంపిన ఈమెయిల్‌లో పాస్‌పోర్ట్ నంబరుతో సహా అన్నీ రాసి, అసలు విమానం ఉందా అని మాత్రం అడగలేదు నేను! ఏం చేయాలో తోచక సంచిలోంచి బొమ్మ తీశాను. కొత్త బండికి పెట్టినట్టు పొద్దున్నే దాని ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టాను. పాట్ అదే చూస్తున్నాడని సిగ్గేసి చున్నీతో తుడవబోయాను.

"ఉండనివ్వండి, గ్రాండ్‌గా ఉంది. మా నాన్న ఇక్కడే వాటికి మెకానిక్. ఎగిరే ముందు ప్రతిదాని ముక్కు మీదా చర్చిలో మంత్రించిన నీళ్ళు చల్లేవాడు. ఆఫీసర్లు తిట్టినా మానలేదు."

బొమ్మను నా చేతిలోంచి తీసుకుని హ్యాంగర్ నేల మీద ఒకచోట పెట్టాడు. "ఇక్కడే నిలిపేవారట" అన్నాడు. నేను పక్కనే కూలబడ్డాను. ఆయన ఉంటే గంటసేపు ఇక్కణ్ణుంచి కదిలేవారు కాదు. ఏడుపు ఆగలేదు. పాట్ తలుపు దగ్గరికెళ్ళి నాకు వీపు చేసి నిలబడ్డాడు.

తొమ్మిదేళ్ళు ఇదే ఊళ్ళో కలిసి ఉన్నాం. ఇంత దగ్గర చోటికి వెళ్ళడం ఒక్క పూటా కుదరలేదు. విమానం లేదని తెలిసినా ఆయన బాధపడేవారు కాదేమో, పాట్‌ను ప్రశ్నలతో చంపేసేవారు. ఆ ప్రశ్నల్లో నాకు ఒక్కటీ తెలియదు.

ఒక్క సలహా. చూడ్డానికి నాకు పనిరోజే ఇచ్చారు, సెలవు పెట్టి వెళ్ళాలి, అనుమతికి ముందే రాయాలి. "వచ్చే నెల చూద్దాం" అనే మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ ఈమెయిల్ మీరే ఇవాళ పంపేయండి. ఇద్దరి పేర్లతో.