స్కానింగ్‌కు ముందు ఒక్కపొద్దు

మా అమ్మ రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలాక, అది ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందేమో చూడడానికి బెంగళూరులో కొత్తగా వచ్చిన పెట్ స్కానింగ్ చేయించమన్నారు. పాకకపోతే ఆపరేషన్ చేసి తీసేస్తారు. పాకితే ఆ దారి మూసుకుపోయినట్టే.

నిజానికి అంత పెద్ద మిషను అవసరమే లేదు. మా ఊరు చింతామణిలో బంధువులు మా వాకిట్లో నిలబడే అమ్మ లోపలి భాగాలన్నీ చూసేశారు. బాగేపల్లి నుంచి వచ్చిన మేనత్త అయితే, "ఏమీ పాకలేదు. కత్తి మాత్రం పెట్టించొద్దన్నా, కత్తి తగిల్తేనే అది పాకేది" అని మా నాన్నకు రిపోర్టే ఇచ్చేసింది. ఫిల్ము ఒక్కటే చేతికివ్వలేదు.

ఖాళీ కడుపుతో రమ్మని ఆసుపత్రివాళ్ళు ఫోనులో చెబితే, నాన్న దాన్ని "ఒక్కపొద్దుండల్లంట" అని తర్జుమా చేశారు. ఒక్కపొద్దు సంగతి అత్తకు ఒకరు చెప్పాలా? అన్నం ముట్టకూడదు, అంతే. స్కానింగ్ రోజు తెల్లవారుతూనే అమ్మకు అరటిపళ్ళు, బెల్లం కలిపిన అటుకులు, చక్కెర వేసిన పాలు దగ్గరుండి పట్టించింది. మామూలు రోజుల్లో సంగటి ముద్ద సగం వదిలేసే అమ్మ, ఉపవాసం పుణ్యమా అని ఆ రోజు కడుపారా తిన్నది.

ఏం తిన్నారని నర్సు కన్నడలో అడిగితే, "ఏమీ తిన్లేదమ్మా, ఒక్కపొద్దుండాను" అంది అమ్మ, ఎంతో నిజాయితీగా. వేలు గుచ్చి రక్తంలో చక్కెర చూశాక అటుకులూ పాలూ బయటపడ్డాయి. "మేమెక్కించే మందే ఒక రకం చక్కెర. క్యాన్సరున్న చోట అది ఎక్కువ చేరుతుంది. ముందే తీపి తినొస్తే ఏదీ సరిగ్గా కనబడదు" అని వెనక్కి పంపేశారు. ఆ ఆసుపత్రివాళ్ళకు ఆచారం తెలియదని అత్త దారి పొడుగునా తిట్టింది.

మరుసటి వారం అమ్మ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. స్కానింగ్ అయింది. డాక్టరు నాన్ననూ నన్నూ కూర్చోబెట్టి, వెన్నెముకలోనూ కాలేయంలోనూ మెరుస్తున్న మచ్చలు చూపించారు. "ఇక ఆపరేషన్ వద్దు, మందులతోనే చూద్దాం" అన్నారు. ఇంత చెబితే నాన్న చెవికెక్కింది ఒక్క ముక్క. బయటికి రాగానే, "ఆపరేషన్ వద్దంట!" అన్నారు, మొహం వెలిగిపోతూ.

"నేను మొదట్నించీ చెప్తానే ఉండాను గదన్నా!" అంది అత్త.

మేం చింతామణి చేరేసరికి వీధి వీధంతా సంబరపడుతోంది. దేవుడు చల్లగా చూశాడని ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పి పోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ ఆగలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"కోస్తే పోయేదైతే కోస్తామనే అందురు గదమ్మా," అంది మెల్లగా. "మీ నాయనకు ఇప్పుడే చెప్పొద్దు. నాలుగు దినాలన్నా నిమ్మళంగా నిద్రపోనీ."