మూడు దెబ్బలు, ఆగి రెండు

2018 మే నెల, రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. టైము గుర్తుండడానికి కారణం ఉంది. ఆ రోజు నాలుగింటికి మా మేనల్లుడు రాము జూట్ మిల్లులో మొదటి డ్యూటీ ఎక్కాలి. వాణ్ణి మూడున్నరకల్లా లేవదీయాలని నేను గోడ గడియారం వంక చూస్తూనే ఉన్నాను.

దెయ్యాల సంగతి ముందే చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళు మిల్లులో పనిచేసిన మనిషిని. గోనెల గోదాములో ఒక్కడినే ఎన్ని రాత్రులు పడుకున్నానో లెక్కలేదు. ఎలుకలు తప్ప ఏవీ నా దగ్గరికి రాలేదు. ఎవడైనా దెయ్యాన్ని చూశానంటే ఎంత తాగావురా అని అడిగేవాణ్ణి. ఇప్పుడూ అడుగుతాను. ఆ రోజు నేను తాగింది మజ్జిగ.

నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. సంగతిలో తప్పు లేదు.

మాది విజయనగరం పక్కన, మిల్లు వెనక వీధి. మిల్లు పేరు రాయను. ఏడాదిపైగా లాకౌట్ పెట్టి, ఆ నెలలోనే కాంట్రాక్టరు మనుషులతో తెరిచారు. రాముకి ఇరవై ఎనిమిదేళ్ళు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. కాంట్రాక్టరు నాకు తెలిసినవాడు కాబట్టి నేనే చెప్పి పెట్టించాను. మా అక్క పైడమ్మకి ఇష్టం లేదు. మొగుణ్ణి మింగిన మిల్లు అంటుంది. నేనే సర్దిచెప్పాను. ఆ రోజు కొడుకు పేరున మొక్కు తీర్చుకోవాలని పొద్దున్నే రామతీర్థం కొండకి వెళ్ళింది.

రాముకి ఫోన్‌లో ఆడే ఆటల పిచ్చి. ఆడడం ఒక్కటే కాదు, ఏ ఆట బాగుంది, ఏ ఆట దండగ అని మాట్లాడుతూ దాన్ని రికార్డు చేసి నెట్‌లో పెట్టేవాడు. చూసేవాళ్ళు మా వీధి జనం కంటే ఎక్కువ ఉండరు. వాడితో ఇద్దరు స్నేహితులు. చిన్నారావు ఆటో నడుపుతాడు. జేమ్స్ ఇళ్ళకి రంగులు వేస్తాడు, ఆదివారం చర్చిలో డోలక్ కొడతాడు. ఎండ దిగేదాకా ముగ్గురూ మా అక్క ఇంటి వసారాలో చాప మీద కూర్చుని ఆడేవారు. పక్కన మంచం మీద నేను. రికార్డులో బాగా వినపడాలని రాము ఫోన్‌ని స్పీకరు డబ్బాకి తగిలించేవాడు. అందువల్ల ఆటలో ఏ చప్పుడైనా నాకూ వినపడేది.

వాళ్ళు ఆడే ఆట ఇది. వంద మంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. ఖాళీ ఇళ్ళల్లో తుపాకులు ఏరుకుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటారు. ఆఖరికి మిగిలినవాడు గెలిచినట్టు. నలుగురు ఒక జట్టు. వీళ్ళు ముగ్గురే కాబట్టి నాలుగోవాణ్ణి ఎక్కడినుంచో ఆటే తెచ్చి కలుపుతుంది. వాడు ఏ ఊరివాడో, ఏ భాషవాడో ఎవరికీ తెలియదు.

ఆ రోజు చిన్నారావు ఆటని తిడుతున్నాడు.

"ఇదేటి ఆటరా? అరగంట సామాన్లు ఏరుకోడం, అర నిమిషంలో సావడం. మనం నెట్ సెంటర్లో కంప్యూటర్ మీద ఆడీవోళ్ళం సూడు, అదీ ఆటంటే. కూకున్న కాడ్నుంచి కాల్పులే."

"నీకు ఓపిక నేదు బావా," అన్నాడు జేమ్స్. "కాల్సడం ఎవడికైనా వస్తాది. గడ్డిలో పడుకొని కదలకుండా ఉండడంలో ఉన్నాది మజా."

"గడ్డిలో పడుకోడానికి ఫోనెందుకురా? మా ఇంటెనకాల బోల్డంత గడ్డున్నాది. ఎల్లి పడుకో."

రాము మధ్యలో తీర్పు చెప్పాడు. "ఆటకి వంక నేదు. ఫోనే సరిపోదు. సూడు ఎలా కాలిపోతన్నాదో, అట్టేసుకోవచ్చు."

"ఆ అట్టేదో ఏసి మీ మావకెట్టు. గడియారం సూసీ సూసీ మెడ పట్టీసినట్టున్నాది."

ముగ్గురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళబోయే మిల్లు గురించి వాడు ఒక్క ప్రశ్న అడగలేదు. కాలిస్తే ఏ తుపాకీ ఎంత ఎగిరిపడుతుందో మాత్రం గంట సేపు చెప్పగలడు.

అప్పటికి నాలుగోవాడు కలిసి కాసేపైంది. వాడు పలకడు, కాల్చడు. ఆ ఆటలో ఆయుధాల్లో అట్ల పెనం కూడా ఒకటి ఉంటుంది. వాడు తుపాకీ వదిలేసి పెనం పట్టుకుని వీళ్ళ వెనకే తిరుగుతున్నాడు. చిన్నారావు వాడికి వంటలోడని పేరు పెట్టాడు.

ఒక రేకుల గోదాము వచ్చింది. లోపల మంచి సామాను ఉంటుందని రాము బొమ్మ అటు పరుగెత్తింది. వంటలోడు ముందే వెళ్ళి గుమ్మం పక్కన నిలబడి పెనంతో రేకు మీద కొట్టాడు.

మూడు దెబ్బలు. ఆగి, రెండు.

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడం కూడా చేతకాలేదు.

మళ్ళీ కొట్టాడు. మూడు. ఆగి, రెండు.

"ఈడికేటో పిచ్చెక్కినట్టున్నాదిరా," అని రాము గోదాములోకి దూరాడు. లోపల నక్కినవాడెవడో వాడి బొమ్మని కాల్చేశాడు. అది గుమ్మంలో పడిపోయింది. ముగ్గురూ మళ్ళీ నవ్వారు. వంటలోడు మాత్రం అక్కడే నిలబడి కొడుతూనే ఉన్నాడు. మూడు, ఆగి, రెండు.

ఇక్కడ మిల్లు సంగతి కొంచెం చెప్పాలి.

మగ్గాలు తిరుగుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఆ రోజుల్లో పైన ఒక పొడుగాటి ఇరుసు, దాని మీద నుంచి ఒక్కో మగ్గానికి ఒక్కో బెల్టు. బెల్టు జారితే మోటారు ఆపకుండానే ఎక్కించేవాళ్ళం. ఆపితే లైను మొత్తం ఆగుతుంది, సూపర్వైజరు తిడతాడు. ఇది పుస్తకాల్లో ఉండదు, మేం చేసిన పద్ధతి. అందుకని మా లైనులో ఒక గుర్తు పెట్టుకున్నాం. చెయ్యి లోపల ఇరుక్కుంటే రెండో చేతిలో పానాతో ఇనప స్తంభం మీద కొట్టాలి. మూడు, ఆగి, రెండు. మోటారు ఆపు, మనిషి ఉన్నాడు అని దానర్థం. ఆ గుర్తు కనిపెట్టింది మా బావ సింహాచలం. రాము తండ్రి. మోటారు స్విచ్ దగ్గర ఉండే లైను సర్దారుని నేను.

రాముకి నాలుగేళ్ళప్పుడు మా బావ బెల్టులో పడి పోయాడు. ఆ తర్వాత ఆ దెబ్బ లైనులో ఎవరూ కొట్టలేదు. కొట్టడానికి చేతులు రాలేదు. లైనులో పనిచేసిన మిగతావాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆ గుర్తు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానని అనుకునేవాణ్ణి.

బావ పోయాక మిల్లువాళ్ళు ఒక కాగితం రాశారు. మోటారు ఆపమని ఎవరికీ చెప్పకుండా తనంతట తనే మగ్గం కిందికి దూరాడని అందులో ఉంది. దాని మీద నా వేలిముద్ర ఉంది. దాంతో తప్పు బావదైపోయింది, మా అక్కకి రావలసిన డబ్బు రాలేదు. చదువు రాక మోసపోయానని నేను వీధంతా చెప్పుకున్నాను. రాత్రి బడిలో చేరినప్పుడు మాస్టారు నన్ను నిలబెట్టి, అక్షరం లేకపోతే ఏమవుతుందో ఈయన్ని చూడండి అని అందరికీ చెప్పేవారు. నేను తల దించుకుని నిలబడేవాణ్ణి. అందరూ జాలి పడేవారు.

గుమస్తా ఆ కాగితం నాకు చదివి వినిపించాడు. రెండుసార్లు. అంతా విన్నాకే వేలు పెట్టాను.

బావ కొట్టిన దెబ్బలూ విన్నాను. అప్పుడు సూపర్వైజరు కలకత్తా నుంచి వచ్చిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని మా లైను చూపిస్తున్నాడు. వాళ్ళ ముందు మోటారు ఆపితే నా సర్దారు పని పోతుంది. వాళ్ళు దాటాక ఆపుదాం, బావ ఓపిక పడతాడులే అనుకున్నాను. రెండోసారి కొట్టాడు. మూడోసారి మూడు దెబ్బలే వినపడ్డాయి. రెండు రాలేదు.

ఆ వసారాలో కూడా నేను వెంటనే నోరు తెరవలేదు. మూడుసార్లు కొట్టేదాకా చూస్తూ కూర్చున్నాను. నా సంగతి ఇదీ.

తర్వాత అన్నాను. "ఒరే, ఆపండి."

"మూడున్నర కానేదు మావా," అన్నాడు రాము.

"డ్యూటీకి ఎల్లకు. ఆ కొట్టుడేటో నాకు తెలుసు."

ఇరవై నాలుగేళ్ళు దాచింది వాడి ముందర చెప్పేశాను. చిన్నారావు తన ఫోన్ బోర్లా పెట్టేశాడు. స్పీకరు డబ్బాలో మాత్రం తుపాకుల చప్పుడు వస్తూనే ఉంది. రాము అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎంతసేపు ఆగినావు మావా?"

"ఆళ్ళు ఆ సివరికి ఎల్లేదాకా."

నాలుగింటికి మిల్లు కూత వేసింది. వాడు చాప మీంచి లేవలేదు.

మేం ఊరికే నమ్మేసిన మనుషులం కాదు. ఫోన్ మళ్ళీ తీసేసరికి వంటలోడు ఆటలోంచి వెళ్ళిపోయి ఉన్నాడు. ఎవడో కుర్రాడు విసుగెత్తి రేకు వాయించాడంటే సరిపోతుందని జేమ్స్ అన్నాడు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. చిన్నారావు ఇంకో ఆట మొదలెట్టి, పెనం తీసుకుని అదే గోదాము మీద కొట్టి చూశాడు. ఒకసారి కొడితే చెయ్యి వెనక్కి వచ్చేదాకా రెండో దెబ్బ పడదు. దెబ్బలన్నీ ఒకే ఎడంతో పడ్డాయి. మేం విన్నవి మాత్రం మూడు దగ్గర దగ్గరగా పడ్డవి. నెట్ ఆలస్యమై చప్పుళ్ళు ఒకేసారి వచ్చి ఉంటాయన్నాడు జేమ్స్. అయి ఉండవచ్చు. ప్రతిసారీ అదే లెక్కలో ఎందుకు వస్తాయని చిన్నారావు అడిగితే జేమ్స్ చాప మీద వేళ్ళతో ఆ లెక్క కొట్టి చూసుకున్నాడు. డోలక్ కొట్టేవాడు కదా, లెక్క వాడికీ తెలుసు.

చీకటి పడకముందే మా అక్క రామతీర్థం నుంచి వచ్చింది. కొడుకు డ్యూటీకి వెళ్ళకుండా వసారాలో కూర్చుని ఉన్నాడు. ఏమైందని అడిగింది. రాము ఫోన్ తీశాడు. మధ్యాహ్నం చేసిన రికార్డులో ఆ దెబ్బలున్న చోటు పెట్టాడు. ఆమెకి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇది నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను.

మూడు, ఆగి, రెండు.

మా అక్క చేతిలో ప్రసాదం పొట్లం అలాగే పట్టుకుని, వెళ్ళి వసారాకున్న వీధి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు. గడపలోంచే వెనక్కి తిరిగింది.

"మీ అయ్య డ్యూటీ దిగొచ్చి ఇలాగే కొట్టీవోడు," అంది కొడుకుతో.

బావ ఇంటి తలుపు అలా కొట్టేవాడని నాకు ఆ రోజుదాకా తెలియదు. ఆమెకి ఆ గుర్తు అర్థం తెలియదు. ఆ రాత్రి రాము చెప్పాడు. అర్థంతోపాటు నా సంగతీ చెప్పాడు.

ఆ వారం గాని, ఆ తర్వాత గాని మిల్లులో ఏ ప్రమాదమూ జరగలేదు. రాము చేయవలసిన మగ్గం మీద ఇంకొకడు చేరాడు, శుభ్రంగా పనిచేసుకుంటున్నాడు. వాడి ప్రాణం కాపాడానని చెప్పుకునే భాగ్యం కూడా నాకు లేదు. రాము విశాఖపట్నంలో ఒక ఫోన్ల షాపులో చేరాడు. ఆటల మీద వీడియోలు ఇప్పటికీ పెడతాడు. నేను చూస్తాను. ఏ ఆట మంచిదో చెబుతున్నంత సేపూ వాడి గొంతు వినవచ్చు. నాతో మాట్లాడడు. ఆ మంగళవారం రికార్డు చెరిపేశానని చిన్నారావుతో చెప్పాడట. మా అక్క కూర గిన్నె పంపడం మానేసింది. ఎదురుపడితే మొహం తిప్పుకోదు. నా వంకే చూస్తుంది. అదే కష్టం.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. బావే అయితే ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నాడు? నన్ను వదిలేసి దిక్కుమాలిన తుపాకుల ఆటలోకి ఎందుకు వచ్చాడు? బావ కాకపోతే ఆ లెక్క ఎవడికి తెలుసు? ఎన్నిసార్లు అనుకున్నా ఇక్కడే ఆగిపోతాను.

ఆట ముగిశాక జట్టులో ఉన్న నలుగురి పేర్లూ వరసగా ఫోన్ మీద పడతాయి. ఆ రోజూ పడ్డాయి. అవి ఇంగ్లీషులో ఉంటాయి. నేను నేర్చుకున్నది తెలుగు అక్షరాలు. జేమ్స్ నాలుగో పేరు చదవబోతే వద్దన్నాను.

ఆ మధ్యాహ్నం వసారాలో ఉన్నవాళ్ళు: మా మేనల్లుడు రాము, ఆటో చిన్నారావు, రంగుల జేమ్స్, లైను సర్దారు అప్పలస్వామి అనే నేను. ఆటలో ఉన్నవాళ్ళు రాము, చిన్నారావు, జేమ్స్, నేను చదవనివ్వని ఆ నాలుగో పేరువాడు.