తాళం పడకముందే చదివే సాఫ్ట్‌వేర్

2023 వానాకాలం. ఖరగ్‌పూర్‌లో ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థ ల్యాబ్‌లో నేను టెక్నికల్ ఆఫీసర్‌ని. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోని పూరీ గేట్ పేటలోనే. మా తాత రైల్వే వర్క్‌షాపులో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఎవరైనా ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి ఇది భద్రత కోసం అంటే, అది చెప్పిన పని చేస్తుందో లేదో పరీక్షించి రాసివ్వడం మా ల్యాబ్ పని.

ఆ ఏడాది మజుందార్ అనే ఆయన ఒక కంపెనీ తరఫున వచ్చాడు. మంచి మాటకారి. మనం వాడే మెసేజ్ యాప్‌లలో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది. మనం పంపే మాటకి మన ఫోన్‌లోనే తాళం పడుతుంది, అవతలి మనిషి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. దారిలో ఇంకెవరూ చదవలేరు. మజుందార్ తెచ్చింది క్లయింట్ సైడ్ స్కానింగ్ సాఫ్ట్‌వేర్. అది ఫోన్‌లోనే కూర్చుని, తాళం పడకముందే మెసేజ్‌నీ ఫోటోనీ చూస్తుంది. అనుమానం వస్తే ఒక ప్రభుత్వ కేంద్రానికి కాపీ పంపుతుంది. ప్రతి యాప్‌లోనూ ఇలాంటిది పెట్టాలని ఒక నిబంధన కొత్త చట్టం ముసాయిదాలో చేరింది. దాని మీద అభిప్రాయాలు వినడానికి ప్రభుత్వం వేసిన కమిటీ కోల్‌కతా వస్తోంది. అక్కడ చూపించడానికి ఆయనకి మా రిపోర్టు కావాలి.

ముసాయిదా చదివి, "ఇది మీ సాఫ్ట్‌వేర్‌కి కొలత తీసి కుట్టినట్టుందే" అన్నాను.

ఆయన ఏమీ తడబడలేదు. "మావాళ్ళే రాసిచ్చారు దాదా. ఏడాదిగా ఢిల్లీలో ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. అధికారులకి ఇలాంటివి ఎవరో ఒకరు రాసివ్వాలి కదా. ఇందులో దాచేదేముంది?"

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పాడు. "కమిటీ ముందు మీ తెలుగావిడే మాట్లాడుతుంది. గోల్‌బజార్‌లో గాజుల కొట్టు. ఆవిడ కూతురి కథ వింటే ఎవరూ కాదనలేరు."

ఆవిడ నాకు తెలుసు. జయమ్మక్క. సుభాష్‌పల్లిలో ఇల్లు. ఆవిడ కూతురు శ్రావణి డిగ్రీ చదువుతోంది. ఎవడో ఆ అమ్మాయి ముఖాన్ని వేరే ఒంటికి అతికించి ఫోటో తయారు చేసి, కొత్త నెంబర్ నుంచి పంపి బెదిరిస్తున్నాడని, పిల్ల కాలేజీ మానేసిందని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకి కొట్టుకి వెళ్ళాను. అక్క గాజుల పెట్టెలు సర్దుతోంది. శ్రావణి లోపలి గదిలో ఉంది.

"స్టేషన్‌కి ఎల్లినాను బాబూ. మెసేజీలకి తాళాలుంటాయి, మేమేటి సేయలేమని పంపించేసినారు. ఇందా పేటలో ఆడోళ్ళ సంస్థ ఒకటుంటే అక్కడికెల్లి ఏడిసినాను. ఆళ్ళే ఈ మజుందార్ దాదాని సూపించినారు. నేను మాటాడవలసింది హిందీలో రాసిచ్చినారు" అంది.

ఆ సంస్థ నడిచేది మజుందార్ కంపెనీ ఇచ్చే విరాళంతోనే అని ఆయనిచ్చిన కాగితాల్లోనే ఉంది. ఆ సంగతి అక్కకి చెప్పాను.

"ఎవులు డబ్బిస్తే నాకేటి బాబూ? నా పిల్లని ఏడిపించినోడు దొరకాల. ఈ మిషను ఉంటే దొరుకుతాడా, లేదా? అది సెప్పు."

న్యాయమైన ప్రశ్న. మెసేజ్‌ల గోప్యత గురించి నేను సెమినార్లలో చెప్పే మాటలేవీ ఆ కొట్టులో పనికిరావు. "పరీక్షించి చెప్తానక్కా. కానీ శ్రావణి ఒప్పుకుంటేనే" అన్నాను.

శ్రావణి బయటికి వచ్చింది. మా మాటలన్నీ వింటూనే ఉంది. "వాడి మెసేజీలు నేనే టైప్ చేస్తాను మామయ్యా. ఫోటో మాత్రం ఇవ్వను" అంది.

మర్నాడు అక్కనీ శ్రావణినీ ల్యాబ్‌కి రమ్మని, సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఫోన్ ఒకటి శ్రావణి చేతికిచ్చాను. వాడు పంపినవి ఒక్కొక్కటే కొట్టింది. 'హలో బాగున్నావా.' 'నిన్నటి సంగతి గుర్తుంది కదా.' 'సాయంత్రం స్టేషన్ దగ్గరికి రా, మాట్లాడుకుందాం.' ఒక్క బూతు లేదు. ఒక్క బెదిరింపు మాట లేదు. సాఫ్ట్‌వేర్ అన్నిటినీ వదిలేసింది. ఆ ఫోటోకి బదులు మా దగ్గరున్న అతికింపు బొమ్మలు పెట్టి చూశాను. ఇదివరకు నమోదైన బొమ్మలయితేనే అది గుర్తుపడుతుంది. కొత్తగా తయారు చేసినవాటిలో చాలావరకు దాటిపోయాయి.

తరువాత శ్రావణి, వాడు పంపిన ఫోటో జతచేసి తన స్నేహితురాలికి అప్పట్లో పంపిన మెసేజ్ కొట్టింది. 'వాడు నా ఫోటో అందరికీ పంపుతానంటున్నాడు, నాకు సచ్చిపోవాలనుంది.' వెంటనే ఎర్ర గుర్తు వచ్చింది. పక్కనే, ఆ సంభాషణలోని ఫోటోలతో సహా కాపీ కేంద్రానికి వెళ్తుందని చూపించింది. ఇలా నిర్దోషిని పట్టుకోవడాన్ని మా భాషలో ఫాల్స్ పాజిటివ్ అంటాం. ఏ పరికరంలోనైనా కొంత ఉంటుంది. కానీ ఆ మాట వెనక ఉన్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఉండటం అదే మొదటిసారి.

"అంటే నా ఫోటో ఇంకో ఆఫీసులో ఎవరో కూర్చుని చూస్తారా?" అంది శ్రావణి.

"చూస్తారు."

అమ్మాయి ఫోన్ బల్ల మీద పెట్టేసింది. జయమ్మక్క నా వైపు తిరిగింది. "మరి నాకేటి దారి? ఇది పనికిరాదని సెప్పేసి నువ్వూ ఇంటికెలిపోతావా?"

వెళ్ళలేదు. మెసేజ్‌లో ఏముందో యాప్ కంపెనీకి తెలియకపోయినా, ఆ ఖాతా ఏ నెంబర్‌తో తెరిచారు, ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వాడారు అన్నది చాలావరకు తెలుస్తుంది. దీన్ని మెటాడేటా అంటారు. పోలీసులు పద్ధతి ప్రకారం అడిగితే ఇస్తారు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, అడగాలి అంతే. వాడి మెసేజ్‌లు శ్రావణి ఫోన్‌లోనే తాళం తెరుచుకుని ఉన్నాయి, అవే సాక్ష్యం. తెలిసిన వకీలు దీదీ ఒకామె చేత ఇవన్నీ స్పష్టంగా అడుగుతూ సైబర్ విభాగానికి ఫిర్యాదు పెట్టించాను. ఇటు మా ల్యాబ్‌కి పెద్ద అయిన ప్రొఫెసర్‌గారు నా రిపోర్టు చదివి ఒక్క వాక్యం మార్చకుండా సంతకం పెట్టారు.

మజుందార్ ఫోన్ చేశాడు. "దాదా, కొంచెం మెత్తగా రాయొచ్చు కదా. మీ ల్యాబ్‌కి కొత్త పరికరాల సంగతి కూడా మావాళ్ళు ఆలోచిస్తున్నారు."

"కమిటీ ముందు కూడా ఇదే చెప్తాను" అన్నాను.

కోల్‌కతాలో ఆ గది నిండా కోట్లు వేసుకున్నవాళ్ళే. నేను పరీక్షలో చూసింది చూసినట్టు చెప్పాను. ఒక సభ్యుడు, "లోపాలుంటే సరిచేసుకోవచ్చు, ఆడపిల్లల భద్రత ముఖ్యం కాదా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పబోతుంటే వెనక వరసలోంచి జయమ్మక్క లేచింది. రాసిచ్చిన హిందీ కాగితం తీసుకురాలేదు. తెలుగులోనే మాట్లాడింది, నేను పక్కన నిలబడి అనువదించాను.

"నా పిల్ల పేరు సెప్పి ఈ సట్టం తెస్తామంటన్నారు. నేను స్టేషన్‌కి ఎల్లిన్నాడు ఆ నెంబరు ఎవులిదని ఒక్కరు అడగలేదు. ముందు అది అడగండి బాబూ. అడక్కుండా మా అందరి ఫోన్లూ సదువుతామంటే నేను ఒప్పుకోను. నా పిల్లా ఒప్పుకోదు."

మొదట ప్రశ్నించిన సభ్యుడు ఆవిడ ఫిర్యాదు వివరాలు అడిగి రాసుకున్నాడు.

తరువాత ముసాయిదాలోంచి ఆ నిబంధనని పక్కన పెట్టారు. రద్దు కాలేదు, పునఃపరిశీలనకి పంపారు. వాడు కూడా దొరికాడు. శ్రావణి అంతకుముందు చేరిన కోచింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి. దరఖాస్తుకి ఇచ్చిన ఫోటోనే వాడుకున్నాడు. ఇంటి వైఫై నుంచే మెసేజ్‌లు పంపేవాడు. కేసు నడుస్తోంది. శ్రావణి మళ్ళీ కాలేజీకి వెళ్తోంది, వాయిదాలకీ తనే వెళ్తోంది.

ఈమధ్య మజుందార్ మళ్ళీ ఫోన్ చేశాడు, కొత్త వెర్షన్ సిద్ధమవుతోందని. తీసుకురమ్మన్నాను. ఆ కేసుకి ముందు నేను ఏ సాఫ్ట్‌వేర్‌నైనా కంపెనీ ఇచ్చిన నమూనాలతోనే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ముందుగా, ఇది ఎవరిని కాపాడటానికి అని అడుగుతాను. వాళ్ళని పిలిపించి, వాళ్ళ మాటలతో, వాళ్ళ కళ్ళముందే పరీక్షిస్తాను. వాళ్ళు వద్దంటే రిపోర్టులో మొదటి వాక్యం అదే అవుతుంది.