నీళ్లు దిగే కన్నాలు

అల్మాజా వైమానిక స్థావరం గోడ పక్కన బిషారా తాద్రుస్ దుకాణం ఉండేది. కార్లకు పడ్డ సొట్టలు తీయడం ఆయన పని; చేయి తిరిగిన మేస్త్రీ కనుక అందరూ 'ఉస్తా' అని పిలిచేవాళ్లు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఆ గోడ లోపల విమానాలకు గుడ్డ కుట్టాడు. ఆ రోజుల్లో చాలా విమానాలకు ఒంటిమీద ఉన్నది గుడ్డే. నా రేడియేటర్ల దుకాణం ఆయన పక్కదే కనుక, పాత ఫోటోలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లను ఇరవై ఏళ్లు చూశాను. ఎంత చిరిగినా, ఎంత మసకబారినా అది ఏ విమానమో చెప్పేవాడు. నంబరును మాత్రం అన్నిటికంటే చివర చూసేవాడు.

ఒక ఉదయం ఇనాయాత్ అనే బడి పంతులమ్మ వచ్చింది. ఆమె వెంట విశ్రాంత వైమానికుల సంఘం ఇంజినీరు షౌకత్, అందరూ గౌరవంగా 'బే' అని పిలిచే పెద్దమనిషి, చంకలో రిజిస్టరుతో. పాత మెకానిక్‌ల పేర్లతో సంఘం ఒక బోర్డు పెడుతోంది. ప్రతి పేరుకూ ఒక ఫోటో కావాలి. మత్రూహ్ ఎడారి ఇసకలో తిరగబడ్డ డెబ్బై ఏడో నంబరు విమానాన్ని తన తండ్రి జకీ బాగుచేసి మళ్లీ ఎగిరేలా చేశాడని ఆమె చిన్నప్పటి నుంచి వింది. మిగిలింది మాత్రం అరచేయంత ఫోటో ముక్క. జాబితా ఆ మధ్యాహ్నమే ముగుస్తుంది.

"ఉస్తా, ఇది డెబ్బై ఏడని మా నాన్న అనేవాడు. బే ఒప్పుకోవడం లేదు."

"నేను ఒప్పుకోకపోవడమేంటమ్మా, అంకెలే ఒప్పుకోవడం లేదు. ఎనభై ఎనిమిది. మా రిజిస్టర్లో అది మాజిస్టర్ రకం విమానం. మీ నాన్న దాని మీద చెయ్యే వెయ్యలేదు."

నేనూ తొంగిచూశాను. విమానం ఒంటి ముక్క, దానిమీద రెండు అంకెలు, పైనా కిందా తెలుపు. మా అరబ్బీ అంకెల్లో ఏడుకు రెండు గీతలు కింద కలుస్తాయి, ఎనిమిదికి పైన. ఇక్కడ పైనే కలిశాయి.

బిషారా అంకెల మీద బొటనవేలు పెట్టి మూశాడు.

"నంబరు మూసేసి ఏం చూస్తావయ్యా?"

"విమానాన్ని, బే. మీరు టీ తాగండి, చల్లారిపోతోంది."

భూతద్దం నెమ్మదిగా జరిపాడు. "మాజిస్టర్ ఒళ్లు చెక్క. కోడిగుడ్డులా నున్నగా ఉంటుంది. ఇక్కడ గుడ్డ కింద బద్దలు తేలుతున్నాయి. ఇది ఆవ్రో రకం."

"మరి ఆవ్రో మీద ఎనభై ఎనిమిది ఎవడు రాశాడు? నువ్వా?"

"నేను కుట్టేవాణ్ణే. రంగు వేసినవాళ్లు మీవాళ్లు."

నాకు నవ్వొచ్చింది. ఇనాయాత్ గడియారం చూసుకుంది.

భూతద్దం పై అంచు దగ్గర ఆగింది. అక్కడ సన్నటి రింగులు వరసగా ఉన్నాయి.

"ఇవి నేను వేలకొద్దీ బిగించాను. గుడ్డలో చేరిన నీళ్లు దిగిపోవడానికి పొట్ట అడుగున పెట్టే కన్నాలు. ఇక్కడేమో పైన ఉన్నాయి. బే, అల్మాజాలో నీళ్లు పైకి కారేవా?"

షౌకత్ బే కళ్లజోడు తీసి, తుడుచుకుని, వంగి చూశాడు.

బిషారా బొటనవేలు తీసి ఫోటోను తలకిందులుగా తిప్పాడు. కన్నాలు కిందికొచ్చాయి. రెండంకెల గీతలూ కింద కలిశాయి. డెబ్బై ఏడు.

మళ్లీ మొదట ఉన్నట్టే తిప్పి ఆమె ముందు పెట్టాడు. "ఫోటో సరిగ్గానే ఉందమ్మా. తిరగబడింది విమానం. పైన తెల్లగా ఉన్నది ఆకాశం, కింద ఉన్నది మత్రూహ్ ఇసక; విమానం వీపు అందులో కూరుకుపోయి ఉంది చూడండి. మీ నాన్న దాని మీద పని మొదలుపెట్టక ముందు తీసింది ఇది."

షౌకత్ బే రిజిస్టరు తెరిచి వేలితో వరస పట్టుకుని వెళ్లాడు. "డెబ్బై ఏడు, ఆవ్రో. మత్రూహ్‌లో తిరగబడింది. నాలుగు నెలల తర్వాత మళ్లీ ఎగిరింది." జేబులోంచి కలం తీశాడు. "మీ నాన్నగారి పూర్తి పేరు చెప్పండి, అమ్మా."

ఆమె చెప్పింది. ఒక్క అక్షరం కూడా మింగలేదు.

బోర్డు పెట్టిన వారం ఇనాయాత్ బస్బూసా మిఠాయి పళ్లెంతో వచ్చింది. చేతిలో సుత్తి దించకుండానే బిషారా అడిగాడు.

"ఫోటో ఎలా పెట్టారు, నంబరు నిలబెట్టా?"

"పడ్డది పడ్డట్టే పెట్టించాను, ఉస్తా. వచ్చినవాళ్లంతా మెడ తిప్పి చదువుతున్నారు. కింద నాన్న పేరు మాత్రం తిన్నగా ఉంది."

బిషారా సుత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పళ్లెం అందుకున్నాడు.