గీత పడని హెల్మెట్

2023 వేసవిలో నేను నెల్లూరులో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే ప్రమాద కేసులు మొదట వచ్చే విభాగంలో, స్టాఫ్ నర్సుగా ఉన్నాను. బండి మీంచి పడ్డ కేసు వస్తే మనిషితో పాటు హెల్మెట్‌నూ చూడడం నాకు అలవాటు. దాని మీద ఎన్ని గీతలుంటే నాకంత నిశ్చింత. తలకు తగలాల్సిన దెబ్బ అది తిన్నదని లెక్క.

ఆ ఉదయం పోలయ్యతో వచ్చిన హెల్మెట్ మీద ఒక్క గీత లేదు. అతని తల వెనక మాత్రం చీలి, చొక్కా అంతా నెత్తురు. అల్లూరు వైపు సముద్రపు ఒడ్డున చేపలు కొని, మోపెడ్ వెనక ఐసుపెట్టెలో వేసుకుని ఊరూరా అమ్మే మనిషి. కుక్క అడ్డం వస్తే బ్రేకు వేసి, బండి జారి వెల్లకిలా పడ్డాడు.

"హెల్మెట్ బండికి తగిలించుకుని తిరుగుతావా?" అన్నాను గాయం కడుగుతూ. ఇలాంటి వాళ్లను చూస్తే నాకు జాలి కన్నా కోపమే ముందొస్తుంది.

"తలకే పెట్టుకున్నాను సిస్టర్. పడేటప్పుడు ఎగిరి గడ్డిలో పడినాది."

"స్ట్రాప్ బిగించలేదా?"

"బిగిస్తే యాపారం ఎట్టా? ప్రతి గడప కాడా తియ్యాల గదా. మూతి మూసుకోని అరిస్తే ఎవురికి ఇనపడద్ది? మొకం కనపడకపోతే ఆడోళ్లు తలుపే తియ్యరు."

అబద్ధం కాదది. చేపల బళ్ల వాళ్లు చాలామంది అంతే. హెల్మెట్ నెత్తిన ఊరికే బోర్లిస్తారు, గడ్డం కింద పట్టీ వేలాడుతూ ఉంటుంది.

జీసీఎస్ పదిహేను. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి మేం వేసే మార్కులవి. పదిహేనంటే పూర్తి స్పృహ. సీటీ స్కాన్‌లో, దెబ్బ వెనక తగిలినా, ఆ అదురుకు మెదడు ముందు వైపు చిన్న నెత్తుటి చార కనిపించింది. ఆపరేషన్ అక్కర్లేదు, కనిపెట్టి ఉంటే చాలన్నారు డాక్టరు గారు. అదృష్టవంతుడనుకున్నాను.

ఆ వారం నా డ్యూటీ అతనున్న వార్డుకే మారింది. ఒక మధ్యాహ్నం భార్య రమణమ్మ చేపల పులుసు తెచ్చింది. రెండు ముద్దలు తిని, "ఉప్పూ పులుపూ తప్ప ఇందులో ఏముందే?" అన్నాడు.

"ఇంత దూరం మోసుకొస్తే వంకలు పెడతా ఉండావా?" అంటూ ఆమె గిన్నె లాక్కుంది.

ఆ పులుసు ఘుమఘుమలు తలుపు దగ్గరున్న నాకే తెలుస్తున్నాయి. డాక్టరు గారిని పిలిచాను. ఆయన పోలయ్య కళ్లు మూయించి ముక్కు దగ్గర కాఫీ పొడి పెట్టారు, తర్వాత సబ్బు. రెండుసార్లూ "ఏం లేదు సార్" అన్నాడు. తల గట్టిగా అదిరితే ముక్కు నుంచి మెదడుకు వాసన చేరవేసే సన్నటి ఆల్ఫాక్టరీ నరాలు తెగవచ్చు. కొందరికి కొన్ని నెలల్లో వాసన తిరిగి తెలుస్తుంది, కొందరికి తెలియదు.

కుట్లు వేసినప్పుడు కిక్కురుమనని మనిషి అప్పుడు ఏడ్చాడు.

"తెల్లారకముందే ఒడ్డున కొనాల సార్. ఆ చీకట్లో కన్నుకేం తెలస్తది? వాసన చూసే కొంటాను. ఒక్కనాడు చెడిన చేప ఇచ్చినానంటే ఇంక ఆ వీధిలో నన్ను ఎవురు నమ్ముతారు?"

రమణమ్మ గిన్నె కింద పెట్టింది.

"నాకుండాది గదా ముక్కు. నేనొస్తాలే" అంది.

వానలు వెనకబట్టాక ఇద్దరూ చెకప్‌కు వచ్చారు. ఐసుపెట్టె మోపెడ్ ముందుకు, కాళ్ల దగ్గరికి జరిగింది, వెనక రమణమ్మ. ఇద్దరి పట్టీలూ బిగించే ఉన్నాయి. ఊళ్లోకి వెళ్లగానే ఆమె హెల్మెట్ తీసి దిగి, నడుస్తూ కేక వేస్తుందట. అతను పట్టీ విప్పకుండా వెనకే మెల్లగా బండి తోలుతాడట. వాసన మాత్రం తిరిగి రాలేదు.

అప్పటి నుంచి "హెల్మెట్ పెట్టుకున్నావా?" అని నేనెవరినీ అడగడం లేదు. "టక్కుమని బిగించావా?" అంటాను. తలకు దెబ్బ తగిలిన వాళ్లకు స్కాన్ ఎలా ఉన్నా, వాసన తెలుస్తోందో లేదో అడగమని కొత్త నర్సులకు చెబుతాను. ప్రాణం దక్కిందని మేం సంతోషపడుతుండగానే మనిషి బతుకుతెరువు పోయి ఉండవచ్చు.

చెకప్‌కు వచ్చిన ఆ రోజు పోలయ్య నాకోసం పండుగప్ప చేప తెచ్చాడు. కవరు అలవాటుగా ముక్కు దాకా ఎత్తి, ఆగి, భార్య వైపు చూశాడు.

"తాజాదే సిస్టర్" అన్నాడు. "ఈమె చెప్పినాది."