లోపలి గుంట

దాలమ్మకు ఈ లోకంలో నచ్చనివి చాలా ఉన్నాయి గాని, వాటన్నిటికంటే ముందుండేది శని ఆదివారాల్లో ఆ మేడమీదికి ఏడవడానికి వచ్చే జనం.

ఏడుపన్నాక దానికో కారణం ఉండాలి. వీళ్ళకి ఆ కారణం వెతికిపెట్టడానికి ఒక టీచరు కావాలి, రంగులు కావాలి, బంకమన్ను కావాలి, మధ్యలో కేకు కూడా కావాలి. జార్జ్ టౌన్‌లో పాతకాలపు దుకాణం ఇల్లది. కింద కాళియమ్మ కాఫీ కొట్టు, పైన పునిత మిస్ క్లాసు. పేరు ‘నీలోకి నువ్వు’. ఆ గదులు తుడిచేది, గీకి గీకి మన్నెత్తేది, రంగునీళ్ళు పారబోసేది దాలమ్మ. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మోకాళ్ళు పాడైనా నోరు పాడవలేదు.

క్లాసులో చెప్పేదంతా తుడుపుకర్ర పట్టుకునే విన్నది ఆవిడ. మనసుకి అడుగున ఇంకో మనసుందిట. దానికి నోరు లేదుట. కలల్లోను, గీతల్లోను, మట్టిబొమ్మల్లోను సైగలు చేస్తుందిట. ఆ సైగలు పోల్చుకోవడం పునిత మిస్ ఎక్కడో చదువుకొచ్చింది. నల్లరంగు వేస్తే ‘ఇది నీ చీకటి’ అంటుంది. ఎర్రరంగు వేస్తే ‘ఇది నీ కోపం’ అంటుంది. కాగితం తెల్లగా వదిలేస్తే మరీ సంబరపడిపోతుంది.

వచ్చేవాళ్ళలో సుగుమారన్ అని బీమా కంపెనీ మేనేజరొకడు. చిన్నప్పుడు తండ్రి సైకిలు కొనలేదని మూడు వారాలుగా ఏడుస్తున్నాడు. ఏడవడానికి కారులో వస్తాడు, ఏడ్చి కారులో పోతాడు.

“ఇప్పుడైనా ఒకటి కొనుక్కోకూడదేటి?” అంది దాలమ్మ కాళియమ్మతో.

“నువ్వూ కూర్చోరాదా ఓ రోజు? నీ లోపల ఏముందో చూసి చెప్తారు.”

“నా లోపల పొద్దున్న తిన్న రొట్టి చనాయ్ ఉంది. దానికి మిస్ ఎందుకూ?”

పునిత మిస్‌తో దాలమ్మ తమిళంలోనే మాట్లాడుతుంది. మిస్‌కి అమ్మమ్మ వైపు తెలుగే గాని, ఆ తెలుగు ‘బాగున్నారా’ దగ్గర మొదలై ‘తిన్నారా’ దగ్గర అయిపోతుంది. కోపమొస్తే మాత్రం దాలమ్మకు తెలుగే వస్తుంది, అదీ తోటపనికి సముద్రం దాటి ఈ దేశం వచ్చిన తాతలు ఓడలో వెంట తెచ్చుకున్న ఉత్తరాంధ్ర తెలుగు.

ఆ శనివారం క్లాసయ్యాక వాన పట్టుకుంది. బస్సు స్టాపు దాకా తడవడం ఇష్టం లేక, బల్లల మీద మిగిలిన బంకమన్ను ముద్దలన్నీ ఒక్కచోట చేర్చి పిసుకుతూ కూర్చుంది. పిసికినంతసేపూ ‘నీ లోపల ఏముందో’ అన్న కాళియమ్మ మాట గురించే ఆలోచిస్తూ ఉంది. వాన తగ్గేసరికి చేతిలో జానెడు బొమ్మ ఉంది. దాన్ని మన్ను పడేసే తొట్టిలో వెయ్యబోయి వెయ్యలేక, కిటికీ గట్టుమీద పెట్టి, తడిగుడ్డ కప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ వచ్చేసరికి బొమ్మ గది మధ్యన స్టూలు మీద ఉంది. చుట్టూ తొమ్మిదిమంది.

“చూడండి,” అంటోంది పునిత మిస్, “కుడిచెయ్యి చెవిమీద ఉంది. ఎందుకంటారు?”

“తల్లి తిట్లు వినలేక,” అన్నాడు సుగుమారన్, అప్పుడే కళ్ళు తడిచేసుకుని.

“లోకం గోల వద్దనుకుని,” అంది ఇంకొకామె.

“లోపలి గొంతు వింటోంది,” అని మిస్ తీర్పిచ్చింది.

“నిద్దరొచ్చి పట్టుకుంది,” అంది గుమ్మంలోంచి దాలమ్మ.

అందరూ తలలు తిప్పారు. మిస్ ముఖం వెలిగిపోయింది. “మీరు చేశారా ఆంటీ? అయితే ఇది మీ లోపలి బిడ్డ!”

“ఛీ ఛీ! అరవై దగ్గరకొచ్చినాను, మొగుడు పోయి పదేళ్ళు. నాకు కడుపేటి!” అంది దాలమ్మ తమిళంలోనే.

గది గొల్లుమంది. మిస్ నవ్వాపుకుంటూ, లోపలి బిడ్డంటే కడుపులో బిడ్డ కాదనీ, ప్రతి మనిషి లోపలా పెరగకుండా ఉండిపోయిన చిన్నపిల్ల అనీ విడమర్చి చెప్పింది. దాలమ్మ నవ్వలేదు. ఆ మాటలో కాస్త నిజం ఉన్నందుకు ఒళ్ళుమండింది.

“నాలుగింటికి మిగతా బొమ్మలతో కలిపి దీన్నీ బట్టీలో కాలుస్తాం. రాయిలా నిలిచిపోతుంది,” అంది మిస్.

దాలమ్మ వెళ్ళి మెట్లు తుడిచింది. తుడిచిన మెట్లే మళ్ళీ తుడిచింది.

ఆ బొమ్మలో ఉన్నది రత్నావతి. దాలమ్మ చెల్లెలు. హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దగ్గర కొబ్బరితోటలో అమ్మానాన్నలు పనికి పోతే, ఏడేళ్ళ దాలమ్మ చంకలో మూడేళ్ళ రత్నావతి. నిద్రొస్తే కుడిచెవి పట్టుకునేది. ఓ వానాకాలం నాలుగు రోజులు జ్వరం కాసి పోయింది. పసిపిల్లల్ని కాల్చరు, పాతిపెడతారు. నాన్న చాపలో చుట్టి ఎత్తుకుపోతుంటే అమ్మ వెనక పరుగెత్తి, “జొరంతో కాలి కాలి పోనాది, ఎండ తగలనీకు మావా,” అంది. ఆ కొబ్బరితోట ఇప్పుడు లేదు, అంతా ఆయిల్‌పామ్. పాతిన చోటు ఎవరికీ తెలియదు. ఫోటో లేదు. ఆ మొహం ఎలా ఉండేదో దాలమ్మకే మరుపొచ్చేసింది; నిన్న వానలో చేతివేళ్ళకి గుర్తొచ్చింది.

నాలుగు కావస్తుండగా తుడుపుకర్ర గోడకి చేరేసి పైకి వచ్చింది. కరెంటు బట్టీ తలుపు తెరిచి, మిస్ బొమ్మలు పేరుస్తోంది. చెవి పట్టుకున్న పిల్ల అప్పటికే లోపలుంది.

“మిస్, నాది ఇచ్చెయ్యండి.”

“కాల్చకపోతే ఎండి బీటలిస్తుంది ఆంటీ. ముట్టుకుంటే విరిగిపోతుంది.”

“విరగనీ.”

“ఎవరు ఆ పిల్ల? ఫోటో ఉందా?”

“నేదు.”

“మరి ఇదొక్కటేగా ఉన్నది! కాలిస్తే మీ తరవాత కూడా ఉంటుంది. నా మాట వినండి.”

అదీ నిజమే. ఇంతకాలం ఈ మిస్ నోట ఒక్క పనికొచ్చే మాట రాలేదు, వచ్చిన ఒక్కటీ ఇప్పుడే రావాలా? దాలమ్మ బట్టీలోకి చూసింది. కాలిస్తే ఆ మొహం ఉంటుంది. కాల్చకపోతే రెండోసారి పోతుంది. మిస్ తలుపు ముయ్యబోయింది.

“ఒద్దు!” దాలమ్మకు తెలుగు వచ్చేసింది. “అది మా గుంట! జొరంతో కాలి కాలి పోనాది, మళ్ళీ కాలుస్తారేటి?”

ఆ మాటల్లో పునితకు అర్థమైనది ఒక్కటే. గుంట. చిన్నప్పుడు ‘పిల్లా’ అనడానికి అమ్మమ్మ ఆమెను పిలిచిన పిలుపది. ఓ గుంటా, ఇలాగ్రాయే, తల దువ్వుతాను. ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లు నేర్చుకున్న పిల్ల, ఆ చిన్న పిలుపుకి తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

కాస్తో కూస్తో తెలుగు తెలిసిన సుగుమారన్, వెనకనించి అంతా విని వచ్చి, ఎవరినీ అడక్కుండా, బొమ్మను బయటికి తీశాడు. “మాలోనూ పసివాళ్ళని కాల్చరు మిస్,” అన్నాడు. తడిగుడ్డ వెతికి చుట్టి దాలమ్మ చేతికిచ్చాడు. ముక్కు ఎర్రగా ఉన్నా ఈసారి ఏడవలేదు. వీడికి వాళ్ళ నాన్న సైకిలు కొనవలసింది, అనుకుంది దాలమ్మ.

బస్సులో సంచీ కిందపెట్టి, గుడ్డమూటను ఎడమ చంకలో పెట్టుకుని కూర్చుంది. ఎండ పడుతోందని కొంగు అడ్డం పెట్టింది. ఇంటికెళ్ళి, వరండాలో కరివేపాకు తొట్టిలో మొదలు పక్కన మట్టి తవ్వి, మొహం ఒక్కసారి చూసుకుని, పడుకోబెట్టి కప్పేసింది.

తరవాతి శనివారం పునిత మిస్, కొత్త జనాన్ని గుండ్రంగా నేలమీద కూర్చోబెట్టి, దాలమ్మను చూసి లేచి వచ్చింది. గొంతు తగ్గించి, కూడబలుక్కుంటూ తెలుగులో అడిగింది.

“ఆంటీ... గుంట... ఎలా ఉంది?”

“నిద్దరోతంది,” అంది దాలమ్మ. తరవాత ఆ కొత్త జనం వైపు తిరిగి, తుడుపుకర్ర నేలకి తట్టింది. “కాళ్ళెత్తండి. లోపలికి తరవాత ఎల్దురు గాని, ముందు కింద తుడవాలి.”